రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టే దారి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కార్తీకంలో ఫ్రెండుని వెంటబెట్టుకుని కోనసీమ వస్తానని, అంతర్వేది, ద్రాక్షారామం, యానాం అన్నీ రెండు రోజుల్లో సైకిల్ మీద చుట్టేస్తానని రాశావు. చుట్టెయ్యడమే కావాలంటే పెరట్లో నా మోటార్‌సైకిల్ ఉంది, తాళం ఇస్తాను. సైకిలే తొక్కుతానంటే మాత్రం ఆ లిస్టు చించెయ్యి. ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు చూసుకోవాల్సింది దూరం కాదు. పక్కపక్కన తొక్కుతూ గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగే దారా, కాదా అన్నదే చూడాలి. ఒకడి వెనక ఒకడు పోవాల్సిన రోడ్డు మీద ఇద్దరూ ఒంటరిగా వెళ్లినట్టే లెక్క.

అలా చూస్తే అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216 హైవే పక్కన పెట్టెయ్యాలి. రావులపాలెం దగ్గర పెద్ద హైవే సంగతి చెప్పనే అక్కర్లేదు. మనకి కాలువ గట్లున్నాయి. లొల్ల లాకుల (కాలువ నీటి తలుపుల) దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట ఆత్రేయపురం, ఓపికుంటే అక్కణ్ణుంచి బొబ్బర్లంక. ఒక రోజుకి అది చాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్లో పొలాలకి నీళ్లే కాదు, సరుకుల పడవలు కూడా నడిచాయి. లాకులు కట్టింది అందుకే. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల తారు పడింది, కార్లూ వస్తున్నాయి. అయినా గట్టు మీద తొందర పడాలనిపించదు.

శనివారం మాత్రం అటు వెళ్లొద్దు. వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం విరగబడతారు, ఆటోలకీ కార్లకీ దారివ్వడంతోనే సరిపోతుంది. కార్తీక సోమవారాలు కోటిపల్లి, ద్రాక్షారామం వైపు కూడా అంతే. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. సెలవు దొరకదంటావేమో, దొరకబుచ్చుకో.

ఇక గాలి. డెల్టాలో ఏటిగట్టు ఎక్కేటప్పుడు, వంతెనల దగ్గర తప్ప ఎక్కుడు ఉండదు. గేర్ల సైకిల్ కోసం అద్దెలు కట్టక్కర్లేదు, మామూలు సైకిల్ చాలు. కాళ్లు పీకించేది గాలే. దసరా దాటాక నైరుతి గాలి పోయి ఈశాన్యం నుంచి మొదలవుతుంది. పొద్దున్న పెద్దగా తెలియదు, ఎండెక్కే కొద్దీ పెరుగుతుంది. బయల్దేరే ముందు కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూసుకో. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి ఉండేలా చూసుకోవాలి. బొబ్బర్లంక దారి వాయవ్యంగా పోతుంది కాబట్టి ఈశాన్యపు గాలి కుడి పక్క నుంచి తోస్తుంది. నువ్వు కుడివైపు ఉండి తొక్కు, నీ ఫ్రెండు మీదకి గాలి కొంత తగ్గుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి ఎడమ నుంచి వస్తుంది, నీకు అతను అడ్డు.

పక్కపక్కన తొక్కాలంటే ఒక ఒప్పందం ముందే చేసుకోవాలి. వెనక హారన్ వినపడగానే కుడివైపున్నవాడు పెడలు ఆపి వెనక్కి తగ్గాలి, ఎడమవైపున్నవాడు తిన్నగా పోవాలి. ఇద్దరూ ఒకేసారి ముందుకి దూకితే ఒకరి హ్యాండిల్ ఒకరికి తగులుతుంది. ఎడమ పక్క నిండు కాలువ ఉందనుకో, మిగతాది నేను చెప్పక్కర్లేదు. ఇరుకు దారి వస్తే నెమ్మదిగా తొక్కేవాడు ముందు. అతను వెనకుంటే నిన్ను అందుకోవడానికి ఆయాసపడతాడు గానీ ఆగమని అడగడు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాణ్ణి "అలిసిపోయావా" అంటే "లేదు" అనే అంటాడు. కాబట్టి అడగొద్దు. నాకు టీ తాగాలనుంది అని నువ్వే దిగిపో.

రోడ్డు మీద ధాన్యం సంగతి కూడా చెప్పాలి. కార్తీకం సగమయ్యేసరికి సార్వా (ఖరీఫ్ వరి) కోతలు ఊపందుకుంటాయి. కళ్ళాలు చాలక రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోస్తారు, అంచున రాళ్లు పేరుస్తారు. గింజల మీద చక్రం జారుతుంది. జారకపోయినా తొక్కొద్దు, అది ఒకరి ఆర్నెల్ల కష్టం. దిగి నడిపించుకుపో. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనపడవు కూడా. అక్టోబరు చివరికే ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది, ఐదింటికల్లా ఇంటి దారి పట్టాలి. పైగా ఆ వేళకి చేలల్లోంచి దీపపు పురుగులు లేచి కళ్లలో పడతాయి. మామూలు కళ్లజోడు ఉంటే చాలు. ఇంకోటి, టీ కొట్టు దగ్గర "ఓ వాన పడితే చల్లగా ఉండేది" అని నోరు జారకు. కోతల రోజుల్లో ఆ మాటకి నీకు టీ పొయ్యరు.

వాయుగుండం అని రేడియోలో వింటే ప్రయాణం మానుకోవాల్సిందే. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఏం చేసిందో కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు. వాన వెలిశాక కూడా రెండు రోజులు ఆగండి. నల్లమట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు, సైకిల్ నువ్వు మొయ్యాల్సి వస్తుంది.

పంక్చర్లకి భయపడకు, కానీ ఏటిగట్ల మీద తుమ్మ ముళ్లుంటాయి. ట్యూబుకి అతుకు వేశాక టైరు లోపల వేలు పెట్టి నెమ్మదిగా తడిమి చూడు. ముల్లు అక్కడే ఉంటే పది గజాల్లో మళ్లీ గాలి పోతుంది. షాపువాడు చేసినా సరే, నువ్వు ఒకసారి చూడు. కొబ్బరి తోటలో నడుం వాల్చే ముందు తల పైకెత్తి చూసుకో. కాయలు దింపని చెట్టు కింద మాత్రం పడుకోకు.

తిండికి లోటుండదు. పొద్దున్న పెసరట్టు ఉప్మా, మధ్యలో బోండాం. పులస కావాలని రాశావు, అది వరద నీళ్లతో వచ్చే చేప, నువ్వు వచ్చేసరికి ఎక్కడుంటుంది! ఆత్రేయపురం పూతరేకులు అక్కడే కూర్చుని తినండి. 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది గానీ క్యారేజీ మీద కడితే ఇంటికొచ్చేది చక్కెర కలిపిన పొడే.

ర్యాలి జగన్మోహిని గుడి చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు. ముందు నుంచి విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని. అర్చకుడు దీపం పట్టి చూపిస్తూ చెబుతాడు, ఫోన్ జేబులో పెట్టి విను.

రెండో రోజు కూడా కాళ్లు ఆడితే ముక్తేశ్వరం వెళ్లి పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి గౌతమి పాయ దాటండి. సైకిళ్లు ఎక్కించుకుంటారు. ఏట్లో నీళ్లు ఎక్కువుంటే ఆపేస్తారు, ముందురోజే కనుక్కుందాం. పంటు అటు ఒడ్డున ఉంటే వచ్చేదాకా రేవులో కూర్చోవాలి. టైం వేస్టు అనుకోకండి, మీరు వస్తున్నదే అందుకు.

సామాను ఎక్కువ తేవొద్దు. గాలి పంపు, అతుకుల డబ్బా, బెల్లూ అన్నీ ఇక్కడున్నాయి. ఒకటి నా సైకిల్, ఇంకోటి పక్కింటివాళ్లది అడిగి ఉంచాను. నీ ఫ్రెండు ఎత్తెంతో రాయి, సీటు సరిచేయించాలి. బ్రేకు రబ్బర్లు అరిగాయి, అవి కూడా మార్పిస్తాను. అత్తయ్య ఒక మాట చెప్పమంది: కార్తీకమాసం కాబట్టి ఇంట్లో చేపలుండవట, అతనికి ముందే చెప్పి తీసుకురమ్మంది.

ఇట్లు,
మీ మావయ్య