‘దొంగ’ అన్న మాట పడి ఉద్యోగానికి ఎలా వెళ్లను?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒక ప్రైవేటు కళాశాలలో తొమ్మిదేళ్లుగా ఫీజుల కౌంటరు చూస్తున్నాను. గత నెల లెక్కల్లో 18,500 రూపాయలు తేడా వచ్చింది. ఆ డబ్బు నేనే వాడుకున్నానని నాతోపాటు కౌంటరులో కూర్చునే ఆవిడ అందరికీ చెబుతోంది. యాజమాన్యం నన్ను ఏమీ అడగలేదు. కానీ మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకుని వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. మావారు రాజీనామా చేసేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: రాజీనామా మాత్రం ఇప్పుడు వద్దమ్మా. లెక్క తేలకముందే మానేస్తే ‘తీసింది కాబట్టే వెళ్లిపోయింది’ అంటారు. కాదనడానికి అక్కడ మీరు ఉండరు. మీ బాధ చూడలేక మీవారు అలా అంటున్నారు. లెక్క తేలాక మానేయాలనిపిస్తే అది వేరే సంగతి.

‘గొడవెందుకు, ఆ డబ్బు కట్టేయండి’ అని ఎవరైనా పెద్దమనిషి సలహా ఇవ్వవచ్చు. అస్సలు ఒప్పుకోకండి. కడితే తప్పు ఒప్పుకున్నట్టే.

కనిపించిన ప్రతివారికీ సంజాయిషీ చెప్పుకుంటున్నారా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. చెప్పవలసింది ఒక్కరికే, లెక్క తనిఖీ చేయించగలిగిన ప్రిన్సిపాల్‌కు, అదీ కాగితం మీద. రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు, డే బుక్, బ్యాంకు చలాన్లు సరిచూడమని, ఏ రోజు కౌంటరులో ఎవరు కూర్చున్నారో కూడా చూడమని కోరండి. ఫోను ద్వారా కట్టిన ఫీజును పొరపాటున నగదు కింద రాసినా, రద్దయిన రసీదును లెక్కలోంచి తీయకపోయినా ఇలాంటి తేడా వస్తుంది. లేఖలో ఆవిడ పేరెత్తకండి. డబ్బు ఆవిడే తీసిందనడానికి మీ దగ్గర మాత్రం ఏముంది? నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

ఇక ఆవిడను పక్కకు పిలిచి, గొంతు పెంచకుండా ఒక్కటే అడగండి: “నేను డబ్బు తీశానని అంటున్నారట. మీరు చూశారా?” ఏం చెప్పినా వాదించకుండా వచ్చేయండి. ఇంటికి వచ్చాక ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, ఎవరి ముందు ఏ మాట అన్నదో ఉన్నదున్నట్టు రాసుకోండి. ‘నా పరువు తీసింది’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు.

పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరమే. రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. నష్టపరిహారం దావా అయితే ఏడాదిలోపు వేయాలి. కానీ సదుద్దేశంతో పైఅధికారికి చేసిన ఫిర్యాదు ఈ నేరం కిందకు రాదు, భోజనాల దగ్గర నలుగురికీ చెప్పడం వేరు. ఆ నోటు పుస్తకం అందుకే. నన్నడిగితే కోర్టు గుమ్మం ఇప్పుడే ఎక్కవద్దంటాను. యాజమాన్యమే సంజాయిషీ నోటీసు ఇస్తే మాత్రం ఆ గదిలోనే దేనిమీదా సంతకం పెట్టకండి, గడువు అడిగి లాయరుకు చూపించండి.

క్యారేజీ రోజూ తీసుకెళ్లి అదే బల్ల దగ్గర తినండి. మాటలు ఆగితే ఆగనివ్వండి. తొమ్మిదేళ్లుగా మీతో కూర పంచుకున్నవారిలో నమ్మదగినవారు ఒకరైనా ఉంటారు కదా, ఆ ఒక్కరికి మాత్రం లేఖ నకలు చూపించండి.