ఆవర్‌బాఖ్ కొనాలా, కుర్టియుస్ కొనాలా?

యూరప్ సాహిత్యం మీద ఒక్క పుస్తకానికే డబ్బులున్నాయి, సాహిత్యం వాస్తవాన్ని ఎలా చిత్రించిందో చెప్పే ఆవర్‌బాఖ్ ‘మిమెసిస్’ కొననా, యూరప్ సాహిత్యానికీ లాటిన్ మధ్యయుగాలకీ ఉన్న సంబంధం మీద జర్మన్ పండితుడు కుర్టియుస్ రాసింది కొననా అని అడిగారు. ఆవర్‌బాఖే. ఇందులో ఆలోచించడానికేం లేదు.

ఎం.ఏ. ఇంగ్లీషు చదివే రోజుల్లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నాకు ‘మిమెసిస్’ దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలకి చెదలు. 120 అన్నాడు, 80కి బేరం తెగింది. మూసేసిన షాపు మెట్ల మీద కూర్చుని ఊరికే ఒక పేజీ చూద్దామని తెరిచా. హోమర్ గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’లో ఘట్టం అది: బిచ్చగాడి వేషంలో ఇంటికొచ్చిన నాయకుడు ఒడిస్సియస్ కాళ్లు ముసలి దాది కడుగుతోంది, తొడ మీద మచ్చ చేతికి తగిలింది, గుర్తుపట్టేసింది. సరిగ్గా అక్కడ హోమర్ కథ ఆపేసి, ఆ మచ్చ తెచ్చిపెట్టిన పంది వేట గురించి 70కి పైగా పంక్తులు చెప్తాడు. అరె, ఇది మా ఊరి హరిదాసు పిట్టకథే కదా అనుకున్నా! కాకపోతే హరిదాసు చెప్పేది జనం కునికిపాట్లు పడకుండా. హోమర్‌కి ఏదీ చీకట్లో మిగలకూడదట, అందుకే ఆ కథ. దాని పక్కనే అబ్రహాం కొడుకుని బలివ్వడానికి తీసుకెళ్లే బైబిల్ కథ పెడతాడు ఆవర్‌బాఖ్, అక్కడ మూడు రోజుల ప్రయాణంలో ఏం జరిగిందో ఒక్క ముక్క ఉండదు. జేబులో ఫస్ట్ షో టికెట్ ఉంది, అది కాస్తా పోయింది. హరికథ వినని వాళ్లకి ఆ అధ్యాయం సగమే ఎక్కుతుందని నా గట్టి నమ్మకం.

పైగా ఆవర్‌బాఖ్ నాజీల వల్ల జర్మనీలో ఉద్యోగం పోయి ఇస్తాంబుల్ చేరిన యూదు ప్రొఫెసర్. 1942-45 మధ్య సరైన లైబ్రరీ లేకుండా రాశాడు, లైబ్రరీ ఉండుంటే అసలు రాసేవాణ్ని కాదేమో అని తనే చెప్పుకున్నాడు. పేజీకి పది ఫుట్‌నోట్లు లేకపోతే థీసిస్ కాదనే మన గైడ్లకి ఇది వినిపించాలి.

కుర్టియుస్ 1948 పుస్తకం గొప్పదే, కానీ అది కావలసినప్పుడు వెతుక్కునే పుస్తకం, లైబ్రరీలో చూసుకోండి.

అడక్కపోయినా ఇంకో మాట. డచ్ చరిత్రకారుడు హోయ్‌జింగా మధ్యయుగాల చివరి రోజుల మీద రాసిన పుస్తకం కొంటే ఏ అనువాదమో చూసుకోండి. 1919 నాటి డచ్ పుస్తకాన్ని 1924 ఇంగ్లీషులో కుదించారు, పూర్తిది 1996లో వచ్చింది. పాతదే మొత్తం అనుకుని రెండేళ్లు దాని మీద వాదనలు కూడా చేశాను. కుదించామని ముందుమాటలోనే ఉందట. నేను ముందుమాటలు దాటేసే రకం.