డ్రైవరు సీట్లో కూర్చుని చూస్తే నా సైకిల్ కనిపించలేదు

రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవారికి కార్లు, బస్సులు నడిపేవాళ్లతో ఎదురైన ఊహించని అనుభవం ఏమిటని అడిగారు. నాకు జరిగినది కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే దాని తర్వాత నేను సైకిల్ తొక్కే తీరే మారిపోయింది.

నేను హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి సైకిల్ మీద వెళ్తాను. 2022 జనవరి 1న షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక తొందరలో ఉన్న కార్లన్నీ పైకి వెళ్లిపోయాయి. కింది రోడ్డులో బస్సులు, ఆటోలు, అంచున ఆగి ఉండే బండ్లు, మాలాంటి సైకిళ్లవాళ్లు మిగిలాం. దారి సుఖమైందని సంబరపడ్డాను.

ఆ ఏడాది నవంబరులో ఒక ఉదయం, ఎడమ పక్కన వరుసగా ఆగి ఉన్న కార్లను ఆనుకుని వెళ్తున్నాను. ఒక క్యాబ్ డ్రైవరు వెనక్కి చూడకుండా డోరు తీశాడు. డోరు అంచు నా హ్యాండిల్ ఎడమ కొసకు తగిలింది. అలా తగిలితే ముందు చక్రం ఎడమకు తిరిగిపోతుంది, మనిషి మాత్రం కుడి వైపుకు, అంటే బండ్లు వచ్చే వైపుకు పడతాడు. నేనూ అలాగే పడ్డాను. తారు మీద చెంప ఆని ఉండగా నాకు కనిపించింది ఒక సిటీ బస్సు ముందు చక్రం. దాని నట్ల మీది తుప్పు కూడా కనిపించేంత దగ్గరలో ఉంది. అది కదలడం లేదు.

బస్సు డ్రైవరు దిగి వచ్చారు. యాభై ఏళ్లు దాటిన మనిషి. వెనక ఎన్ని హారన్లు మోగుతున్నా బస్సును అడ్డంగా అక్కడే ఉంచి, నన్ను లేపి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టారు. ఒక బైకు కుర్రాడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు గానీ, పోలీసులు తన పేరు రాసుకుంటారేమోనని వెనకాడాడు. "సాయం చేసినవాడిని ఎవరూ పట్టుకోరు, తీసుకెళ్లు నాయనా" అని ఆయన చెప్పాకే కదిలాడు. ఆయన చెప్పింది నిజమే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్, దాని కింద వచ్చిన నియమాల ప్రకారం ప్రమాదంలో పడినవారికి మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ సంగతి దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి. భయపడి చూస్తూ నిలబడిపోయేవాళ్లు మన రోడ్ల మీద ఇంకా చాలామంది ఉన్నారు.

మణికట్టులో సన్నని చీలిక, మూడు వారాలు కట్టు. కట్టు విప్పాక ఆయనకు కృతజ్ఞత చెప్పాలని మెహిదీపట్నం బస్టాండులో వెతికి పట్టుకున్నాను. అసలు నేను ఊహించనిది అక్కడ జరిగింది.

"తమ్ముడూ, నిన్ను నేను ఆ రోజు కొత్తగా చూడలేదు. దర్గా స్టాపులో రోజూ నా ఎడమ పక్క నుంచి దూరి ముందుకు పోతావు కదా, నీలం హెల్మెట్" అన్నారు. తర్వాత నన్ను తన సీట్లో కూర్చోమని, ఆయన నా సైకిల్ పట్టుకుని బస్సు వెనక నుంచి ఎడమ పక్కగా ముందుకు నడిచారు. ఎడమ అద్దంలో మొదట మనిషీ సైకిలూ రెండూ కనిపించాయి. బస్సు మధ్యకు వచ్చేసరికి హ్యాండిల్ ఒక్కటే. ముందు డోరు దగ్గరకు రాగానే ఏమీ లేదు, అద్దమంతా ఖాళీ రోడ్డు. మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఆరు దాకా వచ్చాక ముందు గాజు మూలలో ఆయన తల కనిపించింది. సైకిల్ అప్పటికీ కనిపించలేదు.

"నువ్వు రోజూ దూరే చోటు ఇదే. అద్దంలో నువ్వు మాయమైతే, మళ్లీ ముందు తేలేదాకా గేరు వేయను" అన్నారు. ఆ ప్రమాదం రోజున హారన్ ఎందుకు కొట్టలేదో కూడా చెప్పారు. హారన్ కొడితే సైకిల్ మనిషి బెదిరి ఇంకా ఎడమకు జరుగుతాడు, ఆగిన కార్ల డోర్లకు మరింత దగ్గరవుతాడు. అందుకే కాస్త దూరం ఉంచి నా వెనకే వచ్చారట.

నేను అన్నాళ్లూ బస్సులను శత్రువుల్లా చూశాను. స్టాపులో నన్ను అంచుకు నొక్కేస్తున్నారని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఆ మనిషి మాత్రం పేరైనా తెలియని నా కోసం రోజూ కాసేపు గేరు వేయకుండా ఆగారు. ఇంటికి వెళ్లేటప్పుడు నాకు తొక్కబుద్ధి కాలేదు, చాలా దూరం సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను.

ఆ తర్వాత ఎంత ఆలస్యమైనా బస్సుకు ఎడమ పక్క దూరలేదు. ఆగి ఉన్న కార్లకు ఒక డోరు వెడల్పు దూరంలో వెళ్తాను, వెనక హారన్ మోగినా ఆ దూరం వదలను. ఆటోల విషయంలో ఆటోను కాదు, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల చేతులను చూస్తాను. చెయ్యి లేచిందంటే ఆటో ఎడమకు తిరిగినట్టే.

కారు నడిపేవాళ్లకు ఒక్క మనవి. కుడి డోరును ఎడమ చేత్తో తీయండి. అలా తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి వెళ్తుంది. నెదర్లాండ్స్ పేరుతో ప్రసిద్ధమైన ఈ అలవాటును బ్రిటన్ 2022లో తన రహదారి నియమావళిలో చేర్చింది. వెనక సీట్లో ఎడమ వైపు కూర్చున్నవాళ్లు కుడి చేత్తో తీయాలి. నేను క్యాబ్ ఎక్కిన ప్రతిసారీ పిల్లలతో అలాగే తీయిస్తున్నాను.

సైకిల్ ట్రాక్ వచ్చింది కదా అంటారు కొందరు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ చాలా బాగుంటుంది, ఆదివారాలు నేనూ వెళ్తాను. కానీ నేను రోజూ వెళ్లే దారి అటు కాదు. రాత్రి డ్యూటీ దిగి లైటు కూడా లేని పాత సైకిల్ మీద ఇంటికి వెళ్లే వాచ్‌మన్ దారీ అటు కాదు. నా హెల్మెట్, మెరిసే జాకెట్ చూసి పక్కకు జరిగే కార్లే అతన్ని చూసి హారన్ మోగిస్తాయి. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. పోయిన దసరాకు మా వీధి వాచ్‌మన్ సైకిల్‌కు వెనక ఎర్ర లైటు బిగించి ఇచ్చాను.

ఆ డ్రైవరుకు తర్వాత వేరే రూటు వేశారు. అంతదాకా దర్గా స్టాపులో నేను బస్సు వెనక ఆగితే, అద్దంలో చూసి కిటికీలోంచి చెయ్యి ఊపేవారు. ఇప్పుడు వస్తున్న డ్రైవరుకు నేనెవరో తెలియదు. అయినా నేను వెనకే ఆగుతున్నాను.