లిస్బన్‌లో దిగేముందు

చిరంజీవి సౌమ్యకు పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. మే నెలలో తనని ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నావని, బార్సెలోనాలో ఎక్కి మాలగా, టాంజియర్, లిస్బన్, కాడిజ్ చూసుకుని తిరిగి వస్తారని, డబ్బంతా నీ జీతంలోంచేనని చెప్పింది. చెబుతుంటే దాని గొంతు జీరబోయింది. చిన్నప్పుడు అట్లాసు ముందేసుకుని సముద్రాల మీద వేలితో గీతలు గీస్తూ కూర్చునేది మీ అమ్మ. ఆ వేలు పట్టుకుని నువ్వు నిజంగా సముద్రం మీదికి తీసుకెళ్తున్నావు. ఎంత పొంగిపోయానో చెప్పలేను తల్లీ. కానీ లిస్బన్ పేరు వినగానే కడుపులో తిప్పినట్లయింది. తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్నవి చెప్పేస్తాను. టాంజియర్ మొరాకోలో ఉంది, అది షెంగెన్ కాదు, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల జట్టులో లేదు. అక్కడి నుంచి లిస్బన్ రావడమంటే మళ్ళీ యూరప్‌లో అడుగుపెట్టడమే. కాబట్టి వీసా మీద ఎన్నిసార్లు ప్రవేశం అన్నచోట ‘మల్ట్’, అంటే ఎన్నిసార్లయినా అని, ఉందో లేదో ఇద్దరివీ చూడు. మొరాకో వీసా సంగతి ఓడ కంపెనీని విడిగా అడుగు. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఇద్దరి సంచుల్లోనూ ఉండాలి. దుకాణంలో కార్డు మెషిన్ రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కు. రూపాయలు నొక్కావంటే వాళ్ళ రేటుకు మార్చి తీసుకుంటారు, నష్టం. ట్రామ్, మెట్రో కార్డు మనిషికొకటి కొనాలి. ఒక్క కార్డుతో ఇద్దరూ ఎక్కడానికి కుదరదు.

ఓడ ఏ టెర్మినల్‌లో ఆగుతుందో ముందే కనుక్కో. లిస్బన్‌లో పెద్ద ఓడలు ఎక్కువగా సాంతా అపొలోనియా రైల్వే స్టేషన్ దగ్గరే ఆగుతాయి. నేనూ మీ పెదనాన్నా వెళ్ళినప్పుడు ఇప్పుడున్న కొత్త టెర్మినల్ లేదు, దాన్ని 2017లో తెరిచారు. కొన్నిసార్లు పడమర వైపు అల్కాంతరాలో కూడా ఆపుతారు. ఈ రెండూ ఊరికి చెరో వైపు. టాక్సీవాడికి ‘క్రూయిజ్ పోర్ట్’ అని మాత్రం చెప్పి కూర్చోకు, టెర్మినల్ పేరు చెప్పు.

అల్ఫామా మెట్లు మీ అమ్మ చేత ఎక్కించకు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. టెర్మినల్ వెనకే కొండ మీద ఉన్న పాతపేట అది, చూడముచ్చటగా ఉంటుంది. సందుల్లో బట్టలు ఆరేసి, గోడలకి నీలం పలకలు అతికించి ఉంటాయి. నడిచే దారి మాత్రం చిన్న చిన్న తెల్లరాళ్ళు పరిచింది. ఏళ్ళ తరబడి కాళ్ళ కింద అరిగి నున్నగా అయిపోయింది. చినుకు పడిందంటే సబ్బు రాసినట్లు జారుతుంది. దాని మోకాలు సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. టాక్సీలో పైన పోర్టాస్ దో సోల్ దాకా వెళ్ళండి. అక్కడ పిట్టగోడ దగ్గర నిలబడితే ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి కింద తేజో నది, అందులో మీ ఓడ, అన్నీ కనిపిస్తాయి. అందరూ 28 నంబర్ పసుపు ట్రామ్ ఎక్కాలంటారు. వద్దు. ఊపిరాడనంత రద్దీ, జేబుదొంగలకి పేరుపడ్డ ట్రామ్. బయట నిలబడి ఫోటో తీసుకోండి, చాలు.

బెలేమ్ అనే పేటకి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళు. ప్రాసా దో కొమెర్సియో నుంచి 15 నంబర్ ట్రామ్ వెళ్తుంది. జెరోనిమోస్ మఠానికి సోమవారం సెలవు. మీరు దిగేది మంగళవారమట, కాబట్టి తెరిచే ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి. అక్కడి చర్చిలో వాస్కో డ గామా సమాధి ఉంది. మీ పెదనాన్న ఆ ప్రయాణానికి ఒప్పుకున్నదే దాని కోసం. ముప్ఫై ఏళ్ళ పాటు సోషల్ మాస్టారుగా 1498, కాలికట్ అని పిల్లల చేత వల్లె వేయించిన మనిషి కదా. ఒకసారి పిల్లల్ని కొచ్చి విహారయాత్రకి తీసుకెళ్ళి, అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఖాళీ సమాధి చూసి వచ్చారు. గామా 1524లో కొచ్చిలోనే పోయాడు. 1539లో అస్థికలు పోర్చుగల్‌కి తీసుకుపోయారు. ‘ఖాళీ సమాధి చూశాను, ఆ మనిషున్న సమాధి కూడా చూడాలి’ అని అంటూ ఉండేవారు. 2014 సెప్టెంబరులో చూశారు. తెల్లరాతి మీద చేతులు జోడించి పడుకున్న బొమ్మ. దాని ముందు ఈయన చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో నిలబడ్డట్టే నిలబడ్డారు. ఆ మఠం కట్టిన డబ్బులో మన మిరియాల మీద వచ్చిన సుంకం కూడా ఉందని నాకు చెప్పారు. కోపంగా చెప్పలేదు, పాఠం చెప్పినట్లే చెప్పారు.

ఆ పక్క వీధిలోనే 1837 నుంచి నడుస్తున్న మిఠాయి దుకాణం ఉంది, పాస్టెయిష్ డె బెలేమ్. కప్పు ఆకారంలో పొరలు పొరలుగా చేసి మధ్యలో క్రీము పోస్తారు. అది గుడ్డు పచ్చసొనతో చేస్తారు, తినేముందే మీ అమ్మకి చెప్పు. తిన్నాక చెబితే మూడు రోజులు బాధపడుతుంది.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. లిస్బన్‌లో మేం ఓడ అందుకోలేకపోయామని మీకందరికీ తెలుసు. ట్రాఫిక్ అని చెప్పాం. ట్రాఫిక్ కాదు.

పోర్చుగల్ టైమ్ స్పెయిన్ కంటే ఏడాది పొడవునా గంట వెనక. మా ఓడ కూడా స్పెయిన్‌లోనే బయలుదేరింది. మధ్యలో లిస్బన్‌లో ఒక్కరోజే కదా అని ఓడలో గడియారాలు మార్చలేదు. షిప్ టైమ్ అంటారు దాన్ని. ముందురోజు రాత్రి గదిలో పెట్టిన కాగితం మీద రాసే ఉంది, నేను చదవలేదు. మీ పెదనాన్నది కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ వాచీ. రోజూ పొద్దున టిఫిన్ హాల్లో గడియారం చూసి టైమ్ సరిచేసుకునేవారు. నేనేమో మా అబ్బాయి కొనిచ్చిన కొత్త ఫోన్ చూసుకునేదాన్ని. లిస్బన్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే అది ఊరి టైమ్‌కి మారిపోయింది, గంట వెనక్కి.

సాయంత్రం ఐదుకి ఓడ బయలుదేరుతుంది, నాలుగున్నరకల్లా అందరూ లోపల ఉండాలి. బెలేమ్ నుంచి వచ్చి బైషాలో దుకాణాలు చూస్తూ తిరిగాం. 1755 భూకంపంలో ఊరు కూలిపోయాక గీత గీసినట్లు కట్టిన వీధులవి, నడవడం తేలిక. ఒక చిన్న నారబట్టల దుకాణంలో నేను గుడ్డ చూపిస్తే, దుకాణం ఆవిడ చేతిలోకి తీసుకుని ‘తువాల్య’ అంది. ఈయన మొహం వెలిగిపోయింది. మన తువ్వాలు ఇక్కడిదే, బొత్తాము ఇక్కడిదే, అలమారా, అనాస, మేస్త్రీ అన్నీ వీళ్ళ మాటలేనని అక్కడే నిలబడి లెక్కపెట్టారు. అంచుకి నీలం దారంతో కుట్టిన తువ్వాళ్ళు రెండు కొన్నాం. తర్వాత కాఫీకి కూర్చున్నాం.

కాఫీ సగం తాగాక ఆయన చెయ్యి చూసుకుని, ‘ఇదిగో, నా వాచీలో నాలుగున్నర అయిందే’ అన్నారు. నేను ఫోన్ తీసి ఆయన మొహం ముందు పెట్టాను. మూడున్నర. ‘ఆ వాచీ వదిలేయండి, ఫోన్‌కి తప్పు రాదు, ఇంకా గంట ఉంది’ అన్నాను. ఆయన ఇంకోసారి వాచీ చూశారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. సరే అని కప్పు ఎత్తారు. అప్పుడే టాక్సీ ఎక్కి ఉంటే అందుకునేవాళ్ళం.

నింపాదిగా నది ఒడ్డున నడుచుకుంటూ వెళ్ళాం. దూరం నుంచే ఓడ కనిపిస్తోంది కాబట్టి నాకేం టెన్షన్ లేదు. దగ్గరికి వచ్చేసరికి ఓడకీ గట్టుకీ మధ్య ఒక బారెడు నీళ్ళు కనిపించాయి. చూస్తుండగానే అది రెండు బారలైంది. వెనక నీళ్ళు తెల్లగా మరుగుతున్నట్లు ఉన్నాయి. ఐదో అంతస్తులో మా కిటికీ ఉంది, దాని లోపల ఆయన బీపీ మాత్రలు ఉన్నాయి. నా ఫోన్‌లో సరిగ్గా నాలుగు. ఆయన వాచీలో ఐదు.

ఒక్క మాట అనలేదమ్మా. ‘పద, ఎవరినైనా అడుగుదాం’ అన్నారు, అంతే. అడిగితే పోర్ట్ ఏజెంట్, అంటే రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి, దగ్గరికి పంపారు. ఓడవాళ్ళు మా గదిలోంచి పాస్‌పోర్టులు తీసి ఆ ఏజెంట్‌కిచ్చి వెళ్ళారు, మాత్రలు ఇవ్వలేదు. ఆ రాత్రి సెవిల్‌కి బస్సు ఎక్కాం. దారి పొడవునా ఆయన మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతూ కూర్చున్నాను. వాచీ అదే చేతికి ఉంది, నా వేళ్ళ కింద టిక్ టిక్‌మంటూనే ఉంది. పొద్దున్న సెవిల్‌లో రైలెక్కి కాడిజ్‌లో దిగాం. అక్కడ స్టేషన్ రేవు పక్కనే, బయటికి రాగానే ఓడ కనిపించింది. అప్పుడు ఏడ్చాను. ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. ఆ రోజు సంగతి ఎవరడిగినా ట్రాఫిక్ అనే చెప్పారు, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక.

కాబట్టి సౌమ్యా, ఓడ దిగే ముందు అక్కడి మనిషిని నోరు తెరిచి అడుగు, ‘ఇప్పుడు షిప్ టైమ్ ఎంత’ అని. మీ అమ్మ చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టి ఆ టైమ్‌కి తిప్పు. అది ఎంత అంటే అంత. ఫోన్‌తో వాదించకు, అమ్మతో అసలే వాదించకు. ఆ రోజు కాగితం కింద పోర్ట్ ఏజెంట్ నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకో. మీ అమ్మ సుగర్ మాత్రలు రెండు రోజులకి సరిపడా నీ సంచిలో వేసుకో. ఓడవాళ్ళే పెట్టే టూర్‌లో వెళ్తే, ఆలస్యమైనా వాళ్ళే ఆగుతారు, లేదా వాళ్ళ ఖర్చుతో తర్వాతి రేవుకి చేరుస్తారు. సొంతంగా తిరిగితే గంటన్నర ముందే రేవు దగ్గర ఉండండి. ఆ గంటన్నరలో ఏం చేస్తామంటావేమో, కూర్చుని నదిని చూడండి.

కొనేవాటి గురించి అడిగావట. బంగారం జోలికి పోకు. వాళ్ళది 19.2 క్యారెట్లు, మన 22 లాంటిది కాదు. సన్నటి తీగపని మాత్రం చాలా అందంగా ఉంటుంది, ఇష్టమైతే వెండిలో చిన్న హృదయం బిళ్ళ తీసుకో. కార్క్ చెట్టు బెరడుతో చేసిన సంచులు కొను. ప్రపంచంలో దొరికే కార్క్‌లో సగం దాకా అక్కడిదే. చెట్టు నరకరు, తొమ్మిదేళ్ళకోసారి బెరడు మాత్రం ఒలుస్తారు. సంచి అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. మంగళవారం కాబట్టి టెర్మినల్ పైన సాంతా క్లారా మైదానంలో ఫెయిరా ద లాద్రా అనే పాత వస్తువుల సంత ఉంటుంది. సరదాగా చూడండి కానీ అక్కడ పాత నీలం పలకలు కొనొద్దు. కొన్ని ఇళ్ళ గోడల నుంచి పీకి అమ్మినవి ఉంటాయి. కావాలంటే కొత్తవి కొనుక్కో. పెద్ద మొత్తం కొంటే, కట్టిన పన్ను తిరిగి రావడానికి టాక్స్ ఫ్రీ కాగితం అడుగు. దాని మీద ముద్ర లిస్బన్‌లో కాదు, యూరప్ వదిలే చివరిచోట వేయించుకోవాలి, అంటే బార్సెలోనా ఎయిర్‌పోర్టులో. సామాను చెక్ ఇన్ చేయకముందే ఆ పని చూసుకో.

నాకేం తెమ్మంటావని మీ అమ్మ అడిగింది. నీలం అంచు తువ్వాలు ఒక్కటి దొరికితే తీసుకురా. మా రెండింటిలో ఒకటి ఆయనతో పాటు పంపించేశాను. దాని కోసం వీధులన్నీ తిరగొద్దు, దొరికితేనే.

లిస్బన్‌లో మళ్ళీ ఓడ ఎక్కగానే ‘ఎక్కాం పెద్దమ్మా’ అని ఒక మెసేజ్ పెట్టు. షిప్ టైమ్ నాలుగున్నర అంటే మనకి రాత్రి ఎనిమిది. ఏడింటికే అన్నం తినేసి ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ