పెంపుడు మేకపిల్లకు అన్నం, బిస్కెట్లు పెట్టవచ్చా?

ప్రశ్న: పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే ఒక మేకపిల్లను పాలసీసాతో సాకాం. ఇప్పుడు ఐదు నెలల పోతు. పిల్లలకు దానిమీద ప్రాణం, అమ్మే ఉద్దేశం లేదు. మేం తినేదే దానికీ పెడుతున్నాం. పోయిన వారం ఫంక్షన్‌లో మిగిలిన అన్నం తిని, డొక్క ఉబ్బి రెండు రోజులు మేత ముట్టలేదు. డాక్టర్ గారు వచ్చి బతికించారు. రాత్రిళ్లు ఒంటరిగా కట్టేస్తే అరుస్తూనే ఉంటుంది. ఈమధ్య పిల్లల్ని కుమ్ముతోంది. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మా, తల్లిలేని పిల్లను ఇంతవరకు తెచ్చారంటే పెద్ద పనే చేశారు. ఇక ముందు దానికి అన్నం, చపాతీ, బిస్కెట్లు పూర్తిగా మానేయండి. పిల్లలు బతిమాలినా పెట్టనివ్వకండి.

మేక పెద్ద పొట్టలో ఆకును, పీచును అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. అన్నం లాంటి పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువగా పడితే అది వేగంగా పులిసి ఆమ్లం తయారవుతుంది. ఆ ఆమ్లానికి మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగిపోతుంది. తర్వాత పారుడు, నీరసం, పడిపోవడం. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మళ్లీ ఎప్పుడైనా గింజలో అన్నమో దొంగతనంగా తిన్నదని తెలిస్తే డొక్క ఉబ్బేదాకా చూడకండి. పది గ్రాముల తినే సోడా గ్లాసు నీళ్లలో కలిపి, తల పైకెత్తకుండా, నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా తాగించి, వెంటనే సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. మింగలేని స్థితిలో ఉంటే మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి ఏం పెట్టాలి? అవిశె, మునగ, తుమ్మ, రావి కొమ్మలు ఎత్తుగా వేలాడదీస్తే నిలబడి ఇష్టంగా తింటుంది. సుబాబుల్ మంచిదే కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. వేరుశనగ కట్టె, కంది పొట్టు కూడా వేయవచ్చు. పెరట్లో గన్నేరు ఉంటే దానికి అందకుండా చూడండి, కొన్ని ఆకులు తిన్నా ప్రమాదమే. లేత జొన్న పిలకల్లోనూ విషం ఉంటుంది, అటు వదలకండి.

కుమ్మడం సంగతి. సీసాపాలతో మనుషుల మధ్య పెరిగిన పోతుకు మనుషులే దాని మంద. వయసు వస్తున్నకొద్దీ మందలో పోతులు బలం చూసుకున్నట్టే మీ పిల్లలతోనూ చూసుకుంటుంది. నుదుటి మీద చెయ్యిపెట్టి నెట్టే ఆట ఇవాళే మాన్పించండి. ఇంకో ఏడాదికి కొమ్ములు పెరిగి బరువెక్కితే అదే ఆట పసిపిల్లలకు దెబ్బ అవుతుంది. మీకు దానితో పిల్లల్ని పుట్టించే ఉద్దేశం లేకపోతే పశువైద్యశాలలో విత్తులు నొక్కించడం (సంతానశక్తి పోయేలా చేయడం) మంచిది. పోతు వాసన తగ్గుతుంది, దూకుడూ తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. విత్తులు నొక్కించిన పోతులకు మూత్రంలో రాళ్లు వచ్చే ముప్పు ఎక్కువ. తవుడు, మొక్కజొన్నల్లో భాస్వరం ఎక్కువ కాబట్టి ఇవి రోజూ పెడితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే దీనికి దాణా అక్కర్లేదు, మేతే చాలు. ఎప్పుడూ మంచినీళ్లు, నాకడానికి ఉప్పు గడ్డ అందుబాటులో ఉంచండి. మాటిమాటికీ ముక్కుతూ, తోక ఆడిస్తూ, చుక్కచుక్కగా మూత్రం పోస్తుంటే మలబద్ధకం అనుకుని ఆముదం తాగించేవాళ్లున్నారు. అలా చేయకండి, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

పారుడు రోగం (పీపీఆర్ అనే వైరస్ జబ్బు) టీకా వేయించకపోతే ఇప్పుడే వేయించండి. చిటుక రోగం (ఉన్నట్టుండి చంపే పేగుల జబ్బు) టీకా ఏటా వానలకు ముందు వేయించాలి. నట్టల మందు పెంట పరీక్ష చేయించాకే తాగించండి. గట్టి నేల మీద తిరగదు కాబట్టి గిట్టలు పెరిగి వంకర పోతాయి, నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలి.

ఇక రాత్రి అరుపు. మేక మందలో బతికే జీవి, ఒంటరితనం దానికి నిజమైన బాధ. కుక్కతోనో మీతోనో ఆ లోటు తీరదు. దాని ఈడు ఆడ మేకపిల్లను ఒకదాన్ని తోడు తెచ్చుకోండి, కానీ పోతుకు విత్తులు నొక్కించాకే తెండి. ఐదు నెలలకే పోతు ఆడమేకను చూలు చేయగలదు, నొక్కించాక కూడా కొన్ని వారాలు ఆగాలి. కొత్తదాన్ని తెచ్చిన వెంటనే కలపకుండా మూడు వారాలు వేరే చోట ఉంచి, నోటి పుండ్లు, ముక్కు కారడం, పారుడు లేవని చూసుకున్నాకే ఒకే కొట్టంలో కట్టండి.