రెండో ఇల్లు అవసరమా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. గాజువాకలో సొంత ఇల్లుంది, అప్పుల్లేవు, చేతిలో 20 లక్షల రూపాయలున్నాయి. రెండిళ్లున్న మా బావమరిది, నన్నూ అప్పు చేసి మధురవాడలో ఫ్లాట్ కొనమంటున్నారు. కొనమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండి. మీకు ఫలానా లోటు ఉందని లేఖలో ఎక్కడా రాయలేదు. ఆయనకు రెండిళ్లున్న సంగతే మిమ్మల్ని కలవరపెడుతున్నట్లుంది. అద్దె వస్తుందని చెప్పేవారు ఇల్లు ఖాళీగా ఉండే నెలలనూ, నిర్వహణ రుసుమునూ, సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టే కిటికీ ఊచల మరమ్మతులనూ లెక్కలోకి తీసుకోరు. తపాలా కార్యాలయంలో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ కింద 15 లక్షలను 8.2 శాతం వడ్డీకి ఐదేళ్లపాటు ఉంచితే, మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి. ఆ వడ్డీ మీ ఆదాయపు పన్ను లెక్కలో చేరుతుంది. మిగిలిన 5 లక్షలను వైద్య అవసరాలకు బ్యాంకులో ఉంచుకోండి. ఖాతా తెరిచే రోజే నామినీ పేరు నమోదు చేయించండి.