సైకిల్ ట్రైనర్‌పై పావుగంటకే పెడల్ తేలికైపోతుంటే

సైకిల్ వెనుక చక్రాన్ని బిగించి ఇంట్లోనే తొక్కే మాగ్నెటిక్ ట్రైనర్‌పై పదిహేను నిమిషాలు తొక్కేసరికి పెడల్ తేలికైపోతోందని, మాగ్నెట్లు బలహీనపడ్డాయేమోనని అడిగారు; వాటికంటే ముందు అనుమానించవలసింది వెనుక టైరు, దానికి ఆని తిరిగే రోలర్‌పై జారడాన్ని.

1. తొక్కే ముందు ప్రతిసారీ గేజీతో చూసి, టైరు పక్కన ముద్రించిన పరిమితి దాటకుండా గాలిని ఒకే అంకెకు నింపండి.

2. చాలామంది మరచేది ఇదే: గాలి నింపిన తరువాతే రోలర్ నాబ్‌ను టైరుకు ఆనేవరకు తిప్పి, ఆపైన ట్రైనర్ పుస్తకంలో చెప్పినన్ని చుట్లు బిగించాలి. చక్రం ఆగి ఉండగా ఒక చేత్తో ఫ్లైవీల్‌ను (రోలర్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని తిప్పి చూడండి. టైరు సులువుగా జారితే బిగింపు చాలలేదన్నమాట.

3. రోలర్‌పై నల్లటి రబ్బరు పొడి ఉంటే తుడిచేయండి.

అప్పటికీ కాస్త తగ్గుతుంటే అది వేడి పని: మాగ్నెట్ల పక్కనుండే అల్యూమినియం డిస్క్ వేడెక్కితే అందులో ఎడ్డీ కరెంట్లు (మాగ్నెట్ల వల్ల లోహంలో పుట్టి, తిరగడాన్ని అడ్డుకునే కరెంట్లు) తగ్గి, బ్రేకు సడలుతుంది. మే నెల బెజవాడలో, మూసిన గదిలో అయితే చెప్పనక్కరలేదు. ఫ్యాన్ గాలి మీకే కాక ఆ డిస్క్ ఉన్న యూనిట్‌కూ తగలనివ్వండి.